ఉప్పెన నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గీత గీయించండి
కృష్ణా, బాపట్ల జిల్లాల తీర గ్రామాల సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు, హెడ్మాస్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

ముందు నేను అడగాలనుకున్నది చెప్పేస్తాను. 1977 నవంబరు 19న తుఫానుకు సముద్రం పొంగి ఉప్పెన వచ్చినప్పుడు మీ ఊళ్లో నీళ్లు ఎంత ఎత్తుకు లేచాయో కళ్లతో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను బడి దగ్గరికో పంచాయతీ ఆఫీసు దగ్గరికో తీసుకురండి. ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపించమనండి. వాళ్లు చూపించిన చోట గోడ మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీయించి, పక్కన తేదీ రాయించండి. రామాలయం, చర్చి, మసీదు, రేషన్ షాపు, ఏ గోడ దొరికితే ఆ గోడ. ఒక డబ్బా రంగు, ఒక పెయింటరు, ఒక పూట పని. కొన్ని చోట్ల స్మారక స్తూపాలు ఉన్నాయి, ఏటా నవంబరు 19న దండలు పడతాయి. ఆ స్తూపాలు పోయినవాళ్ల కోసం. నేను అడుగుతున్న గీత ఉన్నవాళ్ల కోసం, ఇంకా పుట్టబోయేవాళ్ల కోసం.

తొందరపడుతున్నది ఎందుకో కూడా చెప్తాను. ఆ రోజుకు పదిహేనేళ్లు ఉన్న పిల్లవాడికి ఇప్పుడు అరవై దాటాయి. అప్పటికే పిల్లల తల్లులైనవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. దివిసీమలో ఇప్పటికీ "ఉప్పెనకు ముందు పెళ్లయింది", "ఉప్పెన తర్వాత పుట్టాడు" అని వయసులు లెక్కకట్టే ముసలివాళ్లు ఉన్నారు. వాళ్ల మనవల దగ్గర ఆ లెక్క లేదు. నేను ఈ ప్రాంతం బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉప్పెన అంటే ఏమిట్రా అని అడిగితే "సినిమా సార్" అని చెప్పిన పిల్లలు నా క్లాసుల్లోనే ఉన్నారు. పిల్లల తప్పేమీ లేదు, వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

"అంత ప్రమాదమైతే అక్కడెందుకు ఉంటారు, పైకి వచ్చెయ్యొచ్చుగా" అని పట్నాల్లో ఉన్న మన చుట్టాలే అంటుంటారు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, ఆ రెండింటి మధ్య వేల ఏళ్లుగా ఒండ్రు పోసుకుంటూ వచ్చింది. అదే దివిసీమ. అంటే వరద తెచ్చిన మట్టి మీదే మన ఊళ్లన్నీ నిలబడ్డాయి. ఏటికి, సముద్రానికి దగ్గరగా ఉన్నాం కాబట్టే వరి పండుతోంది, చేప దొరుకుతోంది, రొయ్య పెరుగుతోంది. ఇటలీలో వెసూవియస్ కొండ క్రీ.శ. 79లో పాంపేయి పట్టణాన్ని బూడిదలో పూడ్చేసింది. అయినా ఆ కొండ వాలుల్లో ఇవాళ్టికీ ద్రాక్షతోటలు వేస్తున్నారు, ఎందుకంటే అగ్నిపర్వతం పోసిన నేలలో తీగ బాగా కాస్తుంది. మన బావుల మీదికి వంగిన కొమ్మలకు గిజిగాడు గూడు అల్లడం అందరం చూసిందే. కింద లోతైన నీళ్లున్నాయి కాబట్టి పాము, పిల్లి అంత తేలిగ్గా అటు రావు. కొమ్మ విరిగితే గూడు మొత్తం నీళ్లపాలే. అయినా ఏటా అక్కడే కడుతుంది. బతుకుతెరువు ఉన్నచోట ప్రమాదం కూడా ఉండటం ఎవరి మూర్ఖత్వమూ కాదు. కాబట్టి ఊరు ఖాళీ చేయమనే సలహా ఈ ఉత్తరంలో ఎక్కడా ఉండదు.

నాకు టెన్షన్ పుట్టించేది మరపు. మన తీరంలో ఇది మొదటిసారి జరిగింది కాదు. 1839లో కాకినాడ దగ్గరి కోరంగి రేవును ఉప్పెన ఊడ్చేసింది, ఆ రేవు మళ్లీ పూర్వపు స్థితికి రాలేదు. దానికి యాభై ఏళ్ల ముందు, 1789లోనూ అక్కడే ఇలాంటిదే వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి బందరు (మచిలీపట్నం) మీద సముద్రం విరుచుకుపడి, చుట్టుపక్కల ఊళ్లతో కలిపి 30,000 మంది దాకా పోయారని నాటి లెక్కలు. బందరు దివిసీమకు పక్కనే ఉంది. అయినా 1977 నాటికి బందరు ఉప్పెన సంగతి మన ఊళ్లలో ఎంతమందికి గుర్తుంది? మా పెద్దవాళ్ల నోట నేను వినలేదు. నూట పదమూడేళ్లలో ఆ ఎరుక తుడిచిపెట్టుకుపోయింది. రేడియోలో తుఫాను హెచ్చరిక చెప్పారు, కాని జనం దాన్ని ఏటా వచ్చే గాలివానే అనుకున్నారు. పాకల కప్పులకు తాళ్లు బిగించి, తలుపులు వేసుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. గాలికి అది సరైన పనే, నీళ్లకు కాదు.

1977 తుఫాను తీరం దాటింది దివిసీమలో కాదు. చీరాల దగ్గర. ఈ సంగతి ప్రతి బడిలో, ప్రతి పిల్లవాడికి చెప్పాల్సినదని నా నమ్మకం. తుఫాను కన్ను చీరాల వైపు వెళ్తే, చావు దివిసీమకు ఎందుకు వచ్చింది? మన బంగాళాఖాతంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా సుడి తిరుగుతుంది. తుఫాను తీరం దాటే చోట, సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు ముఖం పెట్టి నిలబడ్డామనుకోండి. ఎడమ చేతి పక్క గాలి నేల మీద నుంచి సముద్రం మీదికి పోతుంది. కుడి చేతి పక్క గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి వస్తుంది, వస్తూ నీళ్లను తోసుకొస్తుంది. తుఫాను ముందుకు నడిచే వేగం కూడా కుడి పక్క గాలికే కలుస్తుంది. చీరాలలో అలా నిలబడితే మన కుడి పక్కన నిజాంపట్నం, ఆ తర్వాత దివిసీమ. పైగా మన తీరం దగ్గర సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. లోతు ఉంటే తోసుకొచ్చిన నీళ్లు కిందికి సర్దుకుంటాయి. ఇక్కడ సర్దుకోవడానికి చోటు లేక పైకి లేస్తాయి. ఆ రోజు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి, కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చేశాయి. అదే సమయానికి పోటు కూడా తోడైతే ఇంకా లేస్తాయి.

ఇప్పుడు తుఫాను వస్తోందంటే టీవీలో, వాట్సాప్‌లో అందరం అడిగేది ఒక్కటే ప్రశ్న. "తీరం ఎక్కడ దాటుతుంది?" బాపట్ల దగ్గరంటే బందరు వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా "మన దగ్గర కాదులే" అన్న మాట నా చెవులారా విన్నాను. అలా అన్నవాళ్లు ఉన్నది దానికి కుడి పక్కనే. ఆ తుఫాను 1977 అంతటిది కాదు కాబట్టి సరిపోయింది. హెడ్మాస్టర్లకు నా విన్నపం ఇది. పిల్లలకు మ్యాపు ఇచ్చి, వేలు పెట్టి చూపించి, కుడి పక్క ఏదో గుర్తుపట్టడం నేర్పండి. ఆరో తరగతి పిల్లవాడికి ఒక్క పీరియడ్‌లో వచ్చేస్తుంది. వాడు ఇంటికి వెళ్లి నాన్నకు చెప్తాడు. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల సంగతీ అంతే. మూడో నంబరు, ఏడో నంబరు అని పేపర్లో చదువుతాం. అవి ఓడలవాళ్ల కోసం పెట్టినవి. గాలి ఎంత, తుఫాను రేవుకు ఏ పక్క నుంచి పోతుంది అన్నది వాటిలో ఉంటుంది. మీ ఊళ్లో నీళ్లు ఎంత లేస్తాయన్నది వాటిలో ఉండదు. వాతావరణ శాఖ ఇప్పుడు ఉప్పెన ఎత్తును కూడా విడిగా అంచనా వేసి చెప్తోంది. అయితే "ఒకటిన్నర మీటరు ఉప్పెన" అన్న మాటకు అర్థం కావాలంటే ఊళ్లో ఒక గుర్తు ఉండాలి. గోడ మీద గీత ఉంటే, దానికి ఎంత కిందికో ఎంత పైకో ఎవరికైనా వెంటనే తెలుస్తుంది.

ఒకసారి కోడూరు మండలంలో ఒక పెద్దావిడను నీళ్ల ఎత్తు గురించి అడిగాను. ఆమె ముందు తన తల మీద చెయ్యి పెట్టుకుంది. కాదన్నట్టు తల ఊపి, నా తల మీదికి చెయ్యి ఎత్తింది. అదీ కాదని, వంగి ఇంటి గుమ్మం దాటి బయటికి వచ్చి, ద్వారబంధం పైన జానెడు ఎత్తున గోడను తాకి చూపించింది. "మాస్టారూ, నీళ్లు కింద నుంచి ఎక్కలేదండీ. ఒక్కసారే వచ్చి పడ్డాయి. తలుపు తీసేలోగా ఎవరెక్కడున్నామో తెలీలేదు" అంది. ఆమె తాటిచెట్టు పట్టుకుని బతికింది. పట్టుకున్న చేతుల లోపలి చర్మం లేచిపోయిన మచ్చలు మోచేతి దాకా ఉన్నాయి. అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది. ఆ ఇల్లు తర్వాత కట్టిందే, అయినా పాత ఇంటి లెక్కకు అంత ఎత్తని ఆమెకు తెలుసు. ఆమె ఇప్పుడు లేదు. ఆ గోడ మీద గీత కూడా లేదు.

సర్కారు లెక్కల ప్రకారం ఆ ఉప్పెనలో పోయినవాళ్లు సుమారు పదివేలు. ఊళ్లవాళ్లు అంతకంటే ఎక్కువే అంటారు. సొర్లగొంది లాంటి ఊళ్లలో మిగిలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారని చెప్పుకుంటారు. తర్వాత దేశమంతా కదిలింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. దివిసీమ నాయకులు మండలి వెంకట కృష్ణారావు గారు ఇక్కడే ఉండి పునరావాసం పనులు చూశారు. ఆ కథ అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తాను.

ఎక్కువమందికి తెలియనిది 1990 కథ. ఆ ఏడు మే 9న అంత బలమైన తుఫానే కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. అదే సముద్రం, అదే డెల్టా. ముందే లక్షన్నర మందిని తరలించారు, షెల్టర్లు ఉన్నాయి, జనానికి 1977 కళ్లముందు ఉంది. పోయినవాళ్లు సుమారు వెయ్యి మంది. వెయ్యి చిన్న సంఖ్య కాదు, ప్రతి ఒక్కరూ ఒక ఇంటి మనిషి. కాని పదమూడేళ్లలో పదివేలు వెయ్యికి ఎలా తగ్గిందో చూడండి. అందులో రేడియో పాత్ర ఉంది, అధికారుల పాత్ర ఉంది, సిమెంటు పాత్ర ఉంది. అన్నిటికంటే ముందు, "లేవండి" అనగానే లేచిన జనం ఉన్నారు. వాళ్లు లేచింది గుర్తుంది కాబట్టి. ఆ గుర్తున్న తరం ఇప్పుడు పోతోంది.

గుర్తు పెట్టుకోవడం అనేది ఎంత పని చేస్తుందో చెప్పే ఊళ్లు లోకంలో ఉన్నాయి. ఇండోనేషియాలో సుమత్రా పక్కన సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది పోయారు. మిగిలినవాళ్లు దాన్ని కథ చేశారు, జోలపాట చేశారు. భూమి గట్టిగా కంపించి, సముద్రం వెనక్కి పోతే "స్మాంగ్" వస్తుంది, ఏమీ సర్దుకోకుండా కొండ ఎక్కండి అన్నది ఆ కథ సారం. తాతలు మనవలకు చెప్పారు. 2004 డిసెంబరు 26న భూకంప కేంద్రానికి అతి దగ్గరగా ఉన్న ఆ దీవిలో సుమారు 78,000 మంది ఉన్నారు. సైరన్ లేదు, ఫోన్ మెసేజ్ లేదు, నిమిషాల్లో అల వచ్చేసింది. పోయినవాళ్లు ఏడుగురు. అదే రోజు ఎదురుగా ఉన్న ఆచే తీరంలో లక్షన్నర మందికి పైగా పోయారు. జపాన్‌లో మియాకో దగ్గర అనెయోషి అనే పల్లెలో 1933 సునామీ తర్వాత ఒక రాయి పాతారు. దీనికంటే కింద ఇళ్లు కట్టొద్దు అని దాని మీద చెక్కారు. జనం ఆ మాట విన్నారు. 2011లో వచ్చిన నీళ్లు ఆ రాయికి కిందనే ఆగిపోయాయి.

మనకు కథలు లేవా అంటే ఉన్నాయి. పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన" 1952లో అంతర్జాతీయ పోటీలో బహుమతి గెలిచిన కథ. అంత గొప్పగా తుఫాను రాత్రిని రాసినవాళ్లు తక్కువ. అయితే అది మనిషి లోపలి గాలివాన గురించి. నేను అడిగేది ఇంకో రకం కథ. అమ్మమ్మ అన్నం పెడుతూ చెప్పేది, చివర్లో "అప్పుడు మనం ఎటు పరిగెత్తాలి?" అని అడిగేది. తెలుగు మాస్టార్లు పిల్లలతో వాళ్ల ఇంట్లో పెద్దవాళ్ల ఉప్పెన కథ రాయించండి. ఒక్కో బడికి ఒక నోటుపుస్తకం చాలు. ఎవరు ఎక్కడ ఉన్నారు, నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఏది పట్టుకుని బతికారు, ఏది కూలిపోయింది. ఆ పుస్తకంలో మీ ఊరి మ్యాపు దానంతటదే తయారవుతుంది. ఏ గట్టు నిలిచింది, ఏ డొంక ముందు మునిగింది అన్న సంగతి విజయవాడలో కూర్చున్న ఇంజనీరుకు తెలియదు, మీ ఊరి ముసలావిడకు తెలుసు.

ఇక సర్పంచులకు. జనం షెల్టరుకు ఎందుకు రారో మీకు నాకంటే బాగా తెలుసు. పాడిగేదె కట్టుకొయ్య దగ్గర ఉంటుంది. దాన్ని వదిలి ఇల్లాలు కదలదు. లక్ష రూపాయల గేదెను వదిలి రమ్మని మైకులో చెప్తే ఎవరు వస్తారు? ముందే ఆలోచించి, పశువులకు ఎత్తైన గట్టు ఒకటి చూపించి ఉంటే, మొదటి హెచ్చరికకే తోలుకుపోతారు, వాటి వెనకే మనుషులూ వస్తారు. అదీ కుదరకపోతే కనీసం తలుగు విప్పమనండి. కట్టేసి ఉన్న పశువు మునిగిపోతుంది, విప్పిన పశువు ఈదుతుంది. ఇది 1977లో బతికినవాళ్లు చెప్పిన మాటే. పడవ, వల ఉన్నవాళ్ల బాధ ఇంకోటి. అప్పు తెచ్చి కొన్న వల అది. వయసుకొచ్చిన ఆడపిల్లలను షెల్టరుకు తీసుకురావడానికి తల్లులు జంకుతారు, అక్కడ తలుపు ఉన్న బాత్రూమ్ ఉండదని. ముసలాయన మంచం మీద ఉంటే ఆయన్ను ఎవరు మోయాలి? "పోయినసారి రాత్రంతా దోమల్లో పడుకోబెట్టారు, ఏమీ రాలేదు" అనే మాట అన్నిటికంటే కష్టం. ఏమీ రాకపోవడం అదృష్టమని, మళ్లీ పిలిస్తే మళ్లీ రావాలని చెప్పగలిగింది ఊరివాళ్లే. బయటినుంచి వచ్చిన ఆఫీసరు చెప్తే వినరు.

షెల్టర్లు చూడండి. కొన్ని చోట్ల అవి బాగున్నాయి, బడులుగా, ఫంక్షన్లకు వాడుకుంటున్నారు. వాడుకలో ఉన్న బిల్డింగే చెడకుండా ఉంటుంది. ఇంకొన్ని చోట్ల తాళం ఎవరి దగ్గరుందో ఊళ్లో సగం మందికి తెలియదు. మెట్ల కింద ఎరువుల బస్తాలు, పైన పెచ్చులూడిన స్లాబు, కుండీలో నీళ్లు లేవు. తుఫాను రోజున తాళం వెతుక్కునే పరిస్థితి రాకూడదు. తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి, ఆ ఇద్దరి పేర్లు తలుపు మీద రాసి ఉండాలి.

మడ అడవుల సంగతి కూడా చెప్పాలి. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు అడ్డంగా ఉన్నచోట నీళ్ల ఊపు విరుగుతుంది. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశాలో కేంద్రపడ జిల్లాలో లెక్క తీస్తే, మడ అడవి వెడల్పుగా మిగిలిన ఊళ్లలో చావులు తక్కువగా ఉన్నాయని తేలింది. మన దగ్గర మడను కొట్టేసి చెరువులు తవ్విన చోట్లు ఎవరికీ చెప్పనక్కర్లేదు. రొయ్యల చెరువు మీద బతికే కుటుంబాల మీద నాకు కోపం లేదు, నా శిష్యుల్లో సగం మంది ఆ పనే చేస్తున్నారు. మిగిలిన మడనైనా ముట్టుకోకుండా పంచాయతీ తీర్మానం చేయండి, కరకట్ట బయట ఖాళీగా ఉన్న చోట మొక్కలు పెట్టించండి. మడ మొక్క మూడు నాలుగేళ్లు చూసుకుంటే తర్వాత తనంతట తను పెరుగుతుంది.

అక్టోబరు 2న ఎలాగూ గ్రామసభ ఉంటుంది. మన తీరానికి పెద్ద తుఫాన్లు ఎక్కువగా వచ్చేది ఆ తర్వాతి రెండు నెలల్లోనే. ఆ సభ అజెండాలో రోడ్లు, పింఛన్లతో పాటు ఈ ఒక్క అంశం పెట్టండి. ఎనభై దాటిన పెద్దవాళ్లను ఆటోలో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లు చెప్పాక, అందరూ లేచి నడిచి ఆ గోడ దగ్గరికి వెళ్లండి. పిల్లల్లో ఒకరి చేత గీత గీయించండి. మంచం పట్టినవాళ్ల ఇళ్ల జాబితా, మోసుకొచ్చే కుర్రాళ్ల పేర్లు, పశువుల గట్టు, తాళంచెవులు, అక్కడే తేల్చేయండి. ఇద్దరు ముసలివాళ్లు చెప్పిన ఎత్తుల్లో తేడా వస్తే, ఎక్కువ చెప్పినవారి మాటే తీసుకోండి.

మీలో ఎవరు పిలిచినా వస్తాను. ఆరోగ్యం సహకరించినన్నాళ్లు బస్సెక్కి వస్తాను, మ్యాపు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
దివిసీమ బడుల్లో పాఠాలు చెప్పిన ఒక మాస్టారు